బిడ్డకు చదువుపై మనసెట్లు నిలుచును?

మన మహాసభ సమావేశమైన ప్రతి సంవత్సరమును విద్యను గూర్చి యొక తీర్మానము గావించుట మనకాచారమై యున్నది. పరీక్షలయందు ప్రథములుగా నుత్తీర్ణులైన బాలబాలికలకు పతకములిచ్చి, వారి ఛాయాపటములను సంచికలో ప్రకటించి సంతోషించుచున్నాము. అది తగినదే. కాని యా ఛాయాపటములలో లేని బిడ్డల మాట యేమి? అయిదవ తరగతిలో గూర్చుండి రెండవ తరగతి వాచకమును తడబడక చదువజాలనివారును, బడికని బయలుదేరి చెఱువుగట్టున ప్రొద్దుపుచ్చువారును, పుస్తకము తెఱచినంతనే యావులించువారును మన యిండ్లలో లేరా? అట్టివారిని గూర్చి పెద్దలాడు మాట యొక్కటియే: “వానికి చదువబ్బలేదు, మగ్గముగుంటలో గూర్చుండబెట్టుడు.” ఈ తీర్పు న్యాయమైనదో కాదో చరిత్రను సాక్షిగా బిలిచి విచారింప దలచితిమి. ఏలయన, నేర్వని బిడ్డ క్రొత్తగా బుట్టినవాడు కాడు. వానిని నేర్పింప జేసిన యత్నములకు మన దేశముననే రెండు వందల యేండ్లకు మించిన వృత్తాంతమున్నది.

1822 సంవత్సరమున చెన్నపురి గవర్నరుగా నుండిన సర్ టామస్ మన్రోగారు, రాజధానిలోని దేశీయ పాఠశాలలెన్ని, వానిలో జదువువారెందఱు, తెలియజేయుడని కలెక్టరుల కుత్తరువు పంపిరి. మఱుసటి సంవత్సరము ఆగస్టు నెలలో బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ దొర పంపిన నివేదిక మన వీధిబడుల చరిత్రకు మిక్కిలి విలువైన యాధారము. నేటి అనంతపురపు సీమ నాడు బళ్లారి జిల్లాలోనిదే. 9,27,857 మంది జనులున్న యా జిల్లాలో 533 పాఠశాలలును, వానియందు 6,641 మంది విద్యార్థులును మాత్రమే యుండిరి. పాఠశాలలలో 226 తెలుగువి. బాలికలు అందఱును గలసి 60 మంది.

ఆ బళ్లలోని యాచార మొకదానిని కాంబెల్ దొర వర్ణించినాడు. ఉదయమున నందఱికంటె ముందుగా వచ్చిన బాలుని యఱచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేత సున్న చుట్టుదురు. అనగా వానికి మెప్పును లేదు, నిందయును లేదు. మూడవవానికి బెత్తముతో మెల్లగా నొక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆ తరువాత వచ్చినవారికి వచ్చిన వరుసను బట్టి యొక్కొక్క దెబ్బ యధికము. సోమరియని తోచినవానిని చేతులు గట్టి యింటికప్పునకు వ్రేలాడదీయుటయు, ఎడతెగక గుంజీలు తీయించుటయు గలదు. మన తాతలు కోదండము వేయుటయని చెప్పుచుండినది యీ వ్రేలాడదీయుటనే.

ఈ యాచారమును గూర్చి యొకింత నిలిచి యాలోచింపవలెను. ఇరువదవవాడుగా వచ్చిన బిడ్డకు లెక్క ప్రకారము 18 దెబ్బలు రావలెను. ఆ యిరువదవవాడెవడు? బడిప్రక్కనే యిల్లుండి, యింట పనిలేనివాడు ప్రతిదినమును సరస్వతిని చేత ధరింపగలడు. పశువులకు మేతవేసి వచ్చువాడో, తండ్రి మగ్గమునకు కండెలు చుట్టియిచ్చి వచ్చువాడో యెంత పరుగెత్తినను కడపటివాడే. వాని యాలస్యమునకు గారణము వాని మనసులో లేదు, వాని యింటిలో నున్నది. అయినను అయ్యవారి బెత్తము మనసునే శిక్షించెను. ఇట్లు నూఱు దినములు జరిగిన తరువాత చదువుపై విముఖుడగుట బిడ్డ యవివేకమా, వివేకమా?

మఱియొక దోషమును గూడ కాంబెల్ దొర యెత్తిచూపెను. బిడ్డలు లెక్కకు మించిన పద్యములను గడగడ యప్పజెప్పుదురట. వాని యర్థము మాత్రము చిలుకకెంత తెలియునో వారికి నంతియే తెలియునట. ఆ పద్యముల భాషకును ఇంట బిడ్డ విను భాషకును చుట్టఱికము తక్కువ. చెప్పు పంతులకే యర్థము తెలియని తావులు పెక్కు. వల్లె వేయుటవలన జ్ఞాపకశక్తి పెరుగునని వాదించువారున్నారు. పెరుగునే యనుకొందము. కాని యర్థము రుచిచూడని నోటికి ఇంకను గావలెనను కోరిక యెక్కడనుండి పుట్టును?

మన కులమువారు ప్రత్యేకముగా గమనింపవలసిన మాట యా నివేదికలోనే మఱియొకటి యున్నది. దేశమున బడులు క్షీణించుటకు గారణము ప్రజల దారిద్ర్యమని ఆ దొరయే యొప్పుకొనెను. ఇంగ్లండు వస్త్రములు వచ్చిపడుటచే ఇచ్చటి చేతిపనివారి యాదాయము సన్నగిల్లినదనియు, నడితరగతివారును దిగువవారును బిడ్డల చదువునకు వ్యయము చేయలేకున్నారనియు, లేత చేతులు చిన్నపాటి పనికి వచ్చిన క్షణమునుండియే తల్లిదండ్రులకు వారి సాయము గావలసి వచ్చుచున్నదనియు వ్రాసెను. కుంపిణీ కొలువులోని కలెక్టరే 1823లో నీ మాట వ్రాసినాడు. నేతవాని బిడ్డకు చదువబ్బదను సామెతవంటి మాట యే మూలనుండి బయలుదేరినదో దీనివలన గొంత తెలియగలదు.

ఆ బళ్లలో నొక గుణమును మాత్రము కాంబెల్ దొర మనసార మెచ్చెను. అది ముందు నేర్చిన బాలురచేత వెనుకటి బాలురకు జెప్పించుట. ఇంగ్లండుననుకరింపబడుటకు తగిన పద్ధతి యని వ్రాసెను. ఆ యనుకరణకు బీజము చెన్నపట్టణముననే పడినది. 1789లో ఎగ్మూరు నందలి సైనికుల యనాథబాలుర యాశ్రమమునకు ఆండ్రూ బెల్ అను మతాచార్యుడధికారి యయ్యెను. వీధిబడిలో బిడ్డలు ఇసుకలో వ్రేలితో నక్షరములు దిద్దుట యాతడు చూచెను. తన బడిలో నట్లే చేయించుడని యుపాధ్యాయులకు జెప్పగా, వారది పొసగదనిరి. అప్పుడు బెల్ దొర యొక సామాన్య సైనికుని కుమారుడగు జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలునకు అక్షరాభ్యాసపు తరగతిని అప్పగించెను. పెద్దలు చేయజాలమన్న పనిని ఆ బాలుడు చేసి చూపెను. 1797లో బెల్ దొర యీ వృత్తాంతమును లండనులో బ్రకటింపగా నది మదరాసు పద్ధతి యని పేరొందెను.

ఈ కథలో మన మనసున నాటుకొనవలసినది పొదుపు గాదు. ఆ పొదుపునే పాశ్చాత్యులు మెచ్చి ఒక్క పంతులతో వందల బాలురను నడిపించుట కారంభించిరి. లాంకాస్టరు అను నాతడు ఈ మార్గముననే గొప్ప పాఠశాలలు నెలకొల్పి, మంచివారికి బిళ్లలును బహుమానములును ఇచ్చెను. తప్పు చేసినవానిని బుట్టలో గూర్చుండబెట్టి కప్పునకు వ్రేలాడదీసెను. బళ్లారి కోదండము సముద్రము దాటి లండనున వెలసినట్లు తోచుచున్నది గదా! ఫ్రిస్కెన్ కథలోని సారము వేఱు. నేర్చుకొనుటకు గూర్చుండిన బిడ్డకు నేర్పవలసిన భారము లభించినప్పుడు వాడు బడికి గావలసినవాడగును. తానెవరికిని అక్కఱలేనివాడనని తలచు బిడ్డ చదువుట యరుదు.

ఇంగ్లండుననే 1862లో మఱియొక యుపాయము పుట్టెను. పరీక్షాధికారి వచ్చి చదువు, వ్రాత, లెక్క పరీక్షించి, ఎందఱు తేఱిరో చూచి దానిని బట్టి బడికి గ్రాంటు ఇచ్చుట. ఫలితములను బట్టి వేతనమను నీ విధానము మన రాజధానికిని వచ్చి చాలకాలము నిలిచినది. పంతులు పరీక్షకు గావలసినంత వఱకే బోధించుటయు, బిడ్డలు దానినే వల్లించుటయు సంభవించెను. అచ్చట పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా నుండిన మాథ్యూ ఆర్నాల్డు కవి ఇది చదువును యంత్రప్రాయము చేయుచున్నదని ఘోషించెను.

కాని న్యాయముగా జెప్పవలసిన మాట యొకటి యున్నది. మన ఆంధ్రప్రదేశముననే 2005 నుండి అయిదు జిల్లాలలోని 500 గ్రామీణ పాఠశాలలలో ఆర్థికశాస్త్రజ్ఞులగు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గారలొక పరిశోధన నడిపిరి. కొన్నింటిలో నుపాధ్యాయులకు బిడ్డల యభివృద్ధిని బట్టి యదనపు ధనమిచ్చిరి. రెండేండ్లలో ఆ బడుల బిడ్డలు గణితమందును భాషయందును తక్కినవారికంటె మిన్నయైరి. బహుమానము లేని విజ్ఞాన, సాంఘిక శాస్త్రములందును ముందంజ వేసిరి. నాటి పద్ధతికి నేటిదానికి భేదమేమనగా, ఇచ్చట లెక్కింపబడినది గట్టెక్కినవారి సంఖ్య గాదు, ప్రతి బిడ్డయు నిరుటికంటె నెంత యెక్కినదను కొలత. వెనుకబడినవానిపై బెట్టిన శ్రమకును ఫలముండెను. ధనము చెడ్డదని మేమనము. దేనిని గొలిచి యిచ్చుచున్నామనునదే ముఖ్యము.

ఇక గిడుగు రామమూర్తి పంతులుగారి మాట. 1880లో, పదునేడేండ్ల ప్రాయమున, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నుపాధ్యాయులై వారు ప్రవేశించిరి. ఆ చేరువ కొండలలో సవరలు నివసింతురు. సవరబిడ్డలకు చదువు రాదని లోకమనుచుండెను. పంతులుగారు దీనిని లోకమువలె నంగీకరింపలేదు. ఆ బిడ్డకు చెప్పువారి భాష తెలియదు, చెప్పువారికి ఆ బిడ్డ భాష తెలియదు, నేరమిందెవరిది? తెలుగెఱిగిన సవర నొకనిని తమ యింటనే యుంచుకొని, అతనివద్ద శిష్యులై, సంవత్సరములు శ్రమించి యా భాషను నేర్చిరి. దానికి లిపి లేదు, వ్రాసిన పుస్తకము లేదు. పంతులుగారే సవరభాషలో వాచకములు వ్రాసిరి, పాటలు కథలు సేకరించిరి, సొంత ధనము వెచ్చించి సవరబిడ్డలకు బడులు పెట్టిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, సవర నిఘంటువు 1938లోను వెలువడినవి. 1940లో వారు దివంగతులైరి. ఈ రెండు గ్రంథములకు వెనుక నర్ధశతాబ్దపు పరిశ్రమ యున్నదనుట యతిశయోక్తి గాదు.

పంతులుగారి పేరు వ్యావహారిక భాషావాదముతోనే జనులు తలంతురు. ఆ వాదమునకును మూలము బడియే. 1906 ప్రాంతమున పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె. ఏ. యేట్స్ దొర, బిడ్డలు మాటాడు తెలుగొకటి, పుస్తకములోని తెలుగొకటిగా నుండుటేల యని ప్రశ్నించెను. సవరబిడ్డకు తెలుగెట్లో, తెలుగుబిడ్డకు గ్రాంథికమట్లేయని పంతులుగారికి దోచుటలో వింత యేమున్నది? మేమీ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుచు నీ మాట చెప్పుట చూచి పాఠకులు నవ్వుకొందురేమో. సంచికల మర్యాద సంచికలది. బిడ్డల వాచకము బిడ్డలది. 2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సవర మొదలగు గిరిజన భాషలలో ప్రాథమిక విద్య నారంభించినది. పంతులుగారు బాట వేసి యప్పటికి నూఱేండ్లు కావచ్చినవి. ఇప్పుడు మన యిండ్లలో అయిదేండ్ల బిడ్డకు ఒక్క మాటయు దెలియని భాషలో పాఠము చెప్పు బడికి అప్పుచేసి రుసుము చెల్లించుచున్న తల్లిదండ్రులు ఈ భాగమును రెండుమాఱులు చదువుదురుగాక.

భాష తెలిసినను ఆకలిగొన్న బిడ్డకు పాఠమెక్కదు. ఈ సంగతిని ముందుగా గుర్తించి కార్యమున బెట్టినవారు నేతకులమగు దేవాంగ వంశమున జన్మించిన సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారనుట మనకు గర్వకారణము. వారి యధ్యక్షతలో చెన్నపురి కార్పొరేషను 1920లో థౌజండ్ లైట్సు పాఠశాలయందు బిడ్డలకు ఉచితముగా నుపాహారమిచ్చుటకు నిశ్చయించెను. బిడ్డ యొక్కనికి దినమునకు ఒక అణా మించరాదని కట్టడి. తరువాత మఱి నాలుగు బడులకు వ్యాపింపజేసిరి. ఈ బడులలో 1922-23లో 811 మంది యుండగా, 1924-25 నాటికి 1,671 మందియైరి. ప్రాథమిక విద్యానిధినుండి దీనికి వ్యయము చేయగూడదని ప్రభుత్వము నిషేధింపగా 1925లో నది నిలిచిపోయెను. నిన్నటివఱకు చదువుపై నిచ్ఛ గలవారు రేపటికి లేనివారైరా? ఆంధ్రప్రదేశమున వండిన భోజనము బడులలో నెల్లెడల బెట్టుట 2003 జనవరి నుండి యారంభమైనది.

అయితే అన్నము బిడ్డను బడికి రప్పించును గాని, పలకపై మనసును నిలుపదు. 1937లో వార్ధాయందు గాంధీమహాత్ముడు చేతిపనియే చదువునకు గేంద్రముగా నుండవలెనని బోధించినప్పుడు, మగ్గమువద్దనుండి తప్పించుకొనుటకై బిడ్డను బడికి బంపిన తండ్రులకు శంక కలుగుట సహజమే. ఆ శంక పూర్తిగా న్యాయము. అయినను ఆ బోధలో సత్యము లేకపోలేదు. బ్రెజిలు దేశమున రెసీఫె నగరపు వీధులలో సరకులమ్ము బిడ్డలను 1985లో ప్రకటితమైన పరిశోధనయందు పరీక్షించిరి. అంగడిలో వారు నోటితో జేసిన లెక్కలు నూటికి 98 సరిగా నుండెను. ఆ లెక్కలనే కాగితముపై అంకెలుగా నిచ్చినప్పుడు నూటికి 37 మాత్రమే సరియయ్యెను. మన బిడ్డయు నట్టివాడే. అంచునకెన్ని పోగులు, బుటాకెన్ని పోగులని నోటితో జెప్పుచు పడుగు లెక్క తప్పనివాడు, బడిలో భాగహారమువద్ద సున్న తెచ్చుకొనుచున్నాడు. వానికి లెక్క రాదనుట తప్పు. వానికి వచ్చిన లెక్కను బడి గుర్తించుట లేదు.

సిగ్గు అను మఱొక శత్రువున్నది. పండ్రెండేండ్లవానిని ఒకటవ తరగతిలో పసివారి నడుమ గూర్చుండబెట్టిన మఱునాడు వాడు కానరాడు. 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో శాంతాసిన్హాగారి నాయకత్వమున ఎం. వెంకటరంగయ్య ఫౌండేషనువారు పనిలో నున్న బిడ్డలను బడికి మరల్చు నుద్యమము నడిపిరి. వయసు మీఱిన బిడ్డలను కొన్ని నెలలు శిబిరములలో నుంచి, పాటలతో, మాటలతో మొదలిడి, వయసునకు దగిన తరగతిలో నేరుగా జేర్చిరి. బీదవారు బిడ్డల పనినే కోరుదురు గాని చదువును గోరరను నానుడి అచ్చట నిలువలేదు. 2003లో శాంతాసిన్హాగారికి మెగసెసే బహుమాన మిచ్చిరి.

2001 నుండి ముంబయి, వడోదర నగరములలో జరిగిన యత్నము దీనికి దోడు. బాలసఖులను పేర స్థానికులగు యువతులు, వెనుకబడిన బిడ్డలను పదిహేను ఇరువదిమందిని విడదీసి దినమునకు రెండు గంటలు మొదటి మెట్టునుండి చెప్పిరి. వీరు పెద్ద పరీక్షలు తేఱినవారు గారు. ఉన్నతపాఠశాల ముగించిన యిరుగుపొరుగు యువతులు. మిక్కిలి వెనుకనున్న బిడ్డలే మిక్కిలి ముందునకు వచ్చిరి. ఈ ప్రయోగమును బరీక్షించిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డ్యూఫ్లో గారలు 2019లో నోబెల్ బహుమానము బొందినవారిలోనివారు. తరగతిని బట్టి గాక, తెలిసినదానిని బట్టి కూర్చుండబెట్టి చెప్పుటయే యిందలి కీలకము. మొట్టమొదట నొక వాక్యము తనంత తాను చదివిన బిడ్డ రెండవ వాక్యమును అడుగకయే చదువును. ఇచ్ఛ ముందు, చదువు తరువాత యని మనమనుకొనుచున్నాము; పెక్కు బిడ్డలయందు వరుస దీనికి విలోమము.

మన పతకముల మాటయు నొకటి చెప్పవలెను. 1973లో అమెరికాయందు బొమ్మలు వేయుటలో నానందించు పసిబిడ్డలకు, బొమ్మ వేసినచో నలంకరించిన ప్రశంసాపత్రమిత్తుమని ముందుగా జెప్పి వేయించిరి. కొన్ని దినముల తరువాత స్వేచ్ఛగా వదలిన వేళ ఆ బిడ్డలే తక్కినవారికంటె దక్కువగా బొమ్మల జోలికి బోయిరి. ముందుగా జెప్పక తుదిని ఆకస్మికముగా నిచ్చినవారికి నీ హాని కలుగలేదు. పతకము రానివానికి మన పతకము చేయు మేలు మృగ్యము. వచ్చినవానికి సైతము జాగ్రత్తతో నీయవలసినది.

ఆలేరు చేరువనున్న శారాజీపేటలో పేద నేతకుటుంబమున బుట్టిన చింతకింది మల్లేశముగారు ఆరవ తరగతిలో బడి మానవలసి వచ్చెను. తల్లి లక్ష్మమ్మగారు ఆసు పోయుచుండిరి. ఒక్క చీరెకు సుమారు 9,000 పర్యాయములు చేయి ఇటునటు త్రిప్పవలెను. ఆమె భుజపు నొప్పి చూడలేక యంత్రము చేయ దలచి, 1992 నుండి పుస్తకములు వెదకి చదివి, చేసినదానిని విఱిచి మరల చేసి, 1999లో లక్ష్మీ ఆసుయంత్రమును ముగించిరి. 2017లో ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చినది. బడి విడిచిన బాలునకు యంత్రశాస్త్రముపై ఏడేండ్లు మనసు నిలిచినది. ఆ మనసు బడిలో నున్నప్పుడును వానియందే యుండినది గదా.

ఈ సంవత్సరము విషయనిర్ణయసభ యెదుట మేమొక ప్రతిపాదన నుంచుచున్నాము. పతకములకై కేటాయించిన సొమ్ములో సగము దీసి, మనవారెక్కువగా నివసించు పేటలలో సాయంకాలము రెండు గంటల బడి నడుపవలెను. కళాశాలలలో జదువుచున్న మన బాలికలును బాలురును చెప్పువారుగా నుండవలెను. బిడ్డలను తరగతి యడుగక, ఒక చిన్న కథ చదివించి చూచి, ఎవరికెంత వచ్చునో దానిని బట్టి కూర్చుండబెట్టవలెను. ముందు నేర్చినవాడు ఒక్కనికైనను నేర్పవలెను. ఆలస్యముగా వచ్చినవానిని ఏల ఆలస్యమైనదని యడుగుటకు ముందు, తినివచ్చితివా యని యడుగవలెను. మూడు మాసములకొకసారి ప్రతి బిడ్డయు మొదటనెక్కడ నుండెను, ఇప్పుడెక్కడ నున్నాడను పట్టికను తల్లిదండ్రులకు జదివి వినిపింపవలెను. ఖర్చు వివరములను కార్యదర్శిగారికి వేఱుగా నందజేసియున్నాము. రెండవ దినము మధ్యాహ్నపు సమావేశమున నిది చర్చకు వచ్చును.